కాకి ముట్టని పుస్తకాలు

విశాల పఠన మందిరం (పోస్టు శాఖ),
దువ్వాడ.
7-1-1980

శ్రీ మైలపల్లి పైడయ్య గారికి (సభ్యత్వ సంఖ్య 214),
పెదజాలారిపేట, విశాఖపట్నం.

అయ్యా,

నమస్కారములు. గత సెప్టెంబరులో తాము పంపిన ఎంపిక స్లిప్పు వరుసక్రమములో ఇప్పటికి మా పరిశీలనకు వచ్చినది. 'అమెరికా నల్లజాతివారి చరిత్ర, జీవితచరిత్రలు' అను విభాగమున తాము అయిదు తెలుగు పుస్తకములకు గుర్తు పెట్టియున్నారు. ఈ విభాగము కోరిన సభ్యులు ఇంతవరకు ఒక్కరూ లేనందున ఆ బీరువా తాళంచెవి వెతుకుటకే కొంత కాలము పట్టినది. చింతిస్తున్నాము.

మొదటి పుస్తకము ఈ దినము పంపడమైనది. బానిసగా పుట్టి, చాటుగా చదువు నేర్చి, మహావక్తగా పేరుపొందిన ఒకరి జీవితము. చదివి, మూడు వాక్యములకు మించకుండా అభిప్రాయము రాసి, పుస్తకముతో సహా తిప్పి పంపవలెను. అభిప్రాయము అందనిదే రెండవ పుస్తకము పంపబడదు.

ఇట్లు,
భవదీయుడు,
కె. అచ్యుతరామయ్య, కార్యదర్శి.

తా.క.: పేజీల మూలలు మడవరాదు. గీతలు గీయరాదు. ఎంపిక స్లిప్పు వెనుకవైపు రాసినవి పరిగణనలోనికి తీసుకొనబడవు (11వ నిబంధన).


పెదజాలారిపేట,
12-2-80

దువ్వాడ పుస్తకాల బాబు గారికి మైలపల్లి పోతమ్మ దండాలు పెట్టి, ఎవరిచేతా రాయించకుండా తనే రాసుకున్న ఉత్తరం.

బాబూ, నాది మూడో తరగతి. నా అక్షరాలు అల కొట్టిన నావల్లాగా ఒకటి అటు, ఒకటి ఇటు ఉంటాయి. సర్దుకుని చదువుకోండి.

పైడయ్య మా అబ్బాయి. పోర్టులో ఓడలోంచి దిగే సరుకుకి టిక్కులు పెట్టే పని. మొన్న కార్తీకంలో ఒక ఆదివారం, సెలవు కదా అని మేనమామ నావెక్కి వేటకెళ్లాడు. గాలి తిరిగింది. నావ భీమిలి దగ్గర దొరికింది. మేనమామ దొరికాడు. మావాడు దొరకలేదు. ఇరవై మూడేళ్లు బాబూ. ఇంతకన్నా రాయడానికి లేదు.

మీ పుస్తకం వచ్చిన రోజు పోస్టుమాను గుమ్మంలో నిలబడి "పైడయ్యా!" అని కేకేశాడు. కొత్తగా వచ్చాడు, అతనికి తెలీదు. రెండు నెలల తర్వాత మా ఇంట్లో ఆ పేరు గట్టిగా వినపడింది. కోస్తున్న చేప చేతిలోనే ఉండిపోయింది.

మాలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడికి నెలనెలా ఆకేసి, వాడికి ఇష్టమైనవీ, కోరుకుని అందకుండా పోయినవీ పెడతాం. కోరిక మిగిలుంటే కాకి ముట్టదు. మొదటి నెల వంజరం చేప పులుసు పెట్టాను. ముట్టలేదు. రెండో నెల చుట్ట పెట్టాను. నాకు తెలీదనుకుని కాల్చేవాడు లెండి. ముట్టలేదు. ఇంకేం కోరుకున్నాడురా నాయనా అని నేను తల పట్టుకున్న సమయానికి మీ ఉత్తరం వచ్చింది. అయిదు పుస్తకాలు! మూడో నెల మీ పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆకు పక్కన పెట్టాను. కాకి వచ్చింది. పుస్తకం చుట్టూ తిరిగింది. ఒకసారి పొడిచి చూసింది. వెళ్లిపోయింది. అంటే మిగతా నాలుగూ కావాలని.

ఏడాదిలోగా అయిదూ రావాలి బాబూ. ఏడాది నాటి ఆకు కూడా కాకి ముట్టకపోతే మావాడు ఏ ఒడ్డుకీ చేరనట్టు. నాకు ఇంకే బెంగా లేదు, ఇదొక్కటే.

అభిప్రాయం మూడు వాక్యాలన్నారు. వేలు పెట్టి, కూడబలుక్కుని, అంతా చదివాను. ఒకటి: యజమాని చదువు మాన్పించేస్తే ఆ గుంటడు వీధి పిల్లలకి రొట్టెముక్కలిచ్చి అక్షరాలు నేర్చుకున్నాడట, మా అయ్య నన్ను బడి మాన్పించి చేపల గంప నెత్తికెత్తిననాడు ఈ ఉపాయం తోచి ఉంటే చేపకొక అక్షరం చొప్పున ఈపాటికి పండితురాలినయ్యేదాన్ని. రెండు: వాళ్లమ్మ పొలం పని అయ్యాక పన్నెండు మైళ్లు నడిచొచ్చి, వాడి పక్కన కాసేపు పడుకుని, వాడు లేవకముందే వెళ్లిపోయేదట. మూడు: అక్కడ పుస్తకం మూసేశాను, మళ్లీ తెరవడానికి మూడు రోజులు పట్టింది.

ఉంటాను,
పైడయ్య తల్లి పోతమ్మ.

తా.క.: పోస్టుమానుకి సంగతి చెప్పకండి. నేనూ చెప్పలేదు. కేకెయ్యనీండి.


దువ్వాడ,
20-2-1980

శ్రీమతి మైలపల్లి పోతమ్మ గారికి,

అమ్మా,

మీ కుమారుని విషయము తెలిసి మిక్కిలి విచారించితిమి. అయితే నిబంధనలు నిబంధనలే గదా. ఆరవ నిబంధన ప్రకారము సభ్యుడు మరణించినచో మరణ ధ్రువపత్రము జతచేసి కార్డు రద్దు చేయించవలెను. మరణించనిచో ఏడవ నిబంధన ప్రకారము సభ్యుడే సంతకము చేసి తదుపరి పుస్తకము కోరవలెను. రెంటిలో ఏదో ఒకటి తప్పదు. మూడవ దారి మా నిబంధనల పుస్తకములో లేదు.

తిరిగి వచ్చిన పుస్తకము పరిశీలించగా: అట్టపై పసుపు. అయిదవ పేజీ వద్ద ఎండుచేపల వాసన. అరవై మూడవ పేజీలో ఒక రంధ్రము, త్రికోణాకారము. అభిప్రాయము మూడు వాక్యములే అయినను ఒక్కొక్క వాక్యము ఒక్కొక్క పేరాగ్రాఫు పొడవున్నది.

ఇట్లు,
కె. అచ్యుతరామయ్య, కార్యదర్శి.

తా.క.: పుస్తకములు సభ్యులకే ఇవ్వబడును. కాకి మా సభ్యుడు కాదు.


పెదజాలారిపేట,
15-3-80

నిబంధనల బాబు గారికి, ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్లు వాచిన పోతమ్మ దండాలు.

మీరడిగిన ధ్రువపత్రం కోసం మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ గుమస్తా గారు, "శవం లేదు కదమ్మా, కాగితమెలా ఇత్తాం? ఏడేళ్లు ఆసూకీ లేకపోతే అప్పుడు సూత్తాం. అందాకా మీవోడు బతికున్నట్టే" అన్నాడు.

"ఎక్కడున్నాడు బాబూ?" అన్నాను.

"కాయితం మీద."

"కాయితం మీదున్నోడికి కూడెలాగెట్టాల?"

"అది వేరే సెక్షను," అన్నాడు.

కాబట్టి మీ ఆరో నిబంధన ప్రకారం మావాడు పోలేదు. ఏడో నిబంధన ప్రకారం సంతకం పెట్టాలి, పెడదామంటే ఇంట్లో లేడు. మగవాడు సముద్రం మీదుంటే ఒడ్డున వాడి పనులన్నీ ఆడదే చేస్తుంది. చేప అమ్ముతుంది, తగువులు తీరుస్తుంది, పంచాయితీలో మాటిస్తుంది. ఒక్క సంతకం పెట్టలేదా? ఇదిగో పెట్టాను. కింద చూడండి. రెండో పుస్తకం పంపండి. నాలుగో నెల కాకి పుస్తకం లేని ఆకు చూసి నన్ను కూడా చూసింది. ఆ చూపు నేను పడలేను.

చెయ్యి తిరగని సంతకంతో,
మైలపల్లి పైడయ్య బదులు తల్లి పోతమ్మ.

తా.క.: అయిదో పేజీ వాసన గురించి. ఆ పన్నెండు మైళ్ల సంగతి అక్కడే ఉంది. చేతులు కడుక్కోకుండా మళ్లీ మళ్లీ తీశాను. తప్పే. రంధ్రం గురించి మాత్రం కాకిని మందలించాను.


దువ్వాడ,
8-4-1980

శ్రీమతి పోతమ్మ గారికి,

అమ్మా,

మీ లేఖపై కార్యవర్గము రెండు గంటలు చర్చించినది. అధ్యక్షులు సన్యాసిరాజు గారు, "రికార్డు ప్రకారము ఆయన సజీవులు. సజీవుడైన సభ్యునికి పుస్తకము ఆపుటకు నిబంధన చూపించవయ్యా" అని నన్ను నిలదీసినారు. నేను నిబంధనల పుస్తకము మొదటినుండి చివరివరకు రెండుమార్లు తిరగవేసితిని. లేదు. కావున ఏడు సంవత్సరముల వరకు శ్రీ పైడయ్య గారు మా సభ్యులే అనియు, వారు ఊరిలో లేనప్పుడు తల్లి సంతకము చెల్లుననియు తీర్మానించడమైనది.

రెండు, మూడు పుస్తకములు కలిపి పంపుచున్నాము. ఒకటి బానిస ఓడల చరిత్ర. మరొకటి వేరుశెనగపై పరిశోధనలు చేసిన నల్లజాతి శాస్త్రవేత్త జీవితము. చదువుచున్నది మీరే గనుక మీ పేరిట సభ్యత్వ ఫారము కూడ జతచేసితిని. నిర్బంధము లేదు.

ఇట్లు,
కె. అచ్యుతరామయ్య.

తా.క.: కాకిని మందలించిన విషయము మినిట్సులో నమోదైనది.


పెదజాలారిపేట,
20-5-80

మావాడిని బతికించిన అచ్యుతరామయ్య బాబు గారికి, పోతమ్మ రెండు చేతుల దండం.

ఓడల పుస్తకం ముందు చదివాను. ఎందుకు ముందు చదివానా అనుకున్నాను. మనుషుల్ని గొలుసులేసి, చేపలు పేర్చినట్టు పేర్చి తీసుకెళ్లారట. జబ్బు చేసినవాళ్లని నీళ్లలోకి తోసేశారట, కొందరు తామే దూకేశారట. వాళ్లెవరి తల్లులకీ ఎవరూ కబురు చెప్పలేదు బాబూ. నాకు కనీసం నావైనా దొరికింది. ఒకటి అడుగుతాను. ఆ సముద్రం, మా సముద్రం ఒకటేనా? మీ దగ్గర అట్లాసు ఉంటుంది కదా, చూసి చెప్పండి.

మావాడికి ఈ పుస్తకాల మీద మనసు ఎలా పోయిందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఒక అమెరికా ఓడ మనిషిని ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు. మా అందరికన్నా నలుపు, ఆరడుగులు, గుమ్మానికి తల కొట్టుకుని ఆ గుమ్మానికే దండం పెట్టాడు. పులుసు వేళ్లతో కలుపుకుని, ముల్లు తీయడం చిటికెలో నేర్చుకుని మూడుసార్లు వేయించుకున్నాడు. వాళ్ల ముత్తవ్వకి ముత్తవ్వని ఇలాగే ఓడలో తెచ్చారని మావాడు ఆ రోజు నాకు తెలుగులో చెప్పాడు. నేను అప్పుడు, "ముందు ఆయనకి మజ్జిగొయ్యి" అన్నాను. వినలేదు బాబూ. ఇప్పుడు విన్నాను.

వేరుశెనగ పుస్తకం మాత్రం నవ్వు తెప్పించింది. ఒక్క కాయలోంచి మూడువందల రకాలు తీశాడట, పాలు, రంగులు, సబ్బు! బీచిలో కాయలు వేయించి అమ్మే భ్రమరాంబ దగ్గరికి పుస్తకం పట్టుకెళ్లాను.

"ఇరవై ఏళ్లబట్టి ఉప్పేసి ఏయించడమొకటేనేటే? సూడు, ఆయన సబ్బు తీసాడు," అన్నాను.

"ముందు నువ్వు నీ సేపల్లోంచి సబ్బు తియ్యి, వాసనకి సచ్చిపోతన్నాం," అంది.

ఆ వేరుశెనగ ఆయన్ని పసిగుడ్డుగా ఉన్నప్పుడు తల్లితో సహా ఎత్తుకుపోయారట. బిడ్డ దొరికాడు, తల్లి దొరకలేదు. మా ఇంట్లో అది తిరగబడింది. చెప్పేవాళ్లు లేరు గానీ ఆయన కూడా ఎక్కడో ఒక ఆకు వేసే ఉంటాడు.

మీ ఫారం నింపాను. 'భర్త పేరు' అన్న గడి దగ్గర ఆగిపోయాను. మొగుడి పేరు నోటితో అనకూడదు. చేత్తో రాస్తే అన్నట్టా కాదా అని పేటలో రెండు రోజులు తగువు. చివరికి ఆ గడిలో ఆయన వేలిముద్రే వేయించాను. మనిషే ఉన్నాక పేరెందుకు? అయినా ఫారం ఇప్పుడు పంపను. ముందు మావాడివి అయిదూ అవ్వనీండి.

మీ మేలు మరవని
పోతమ్మ.

తా.క.: ఈ నెల కాకి వేరుశెనగ పుస్తకం మీద చాలాసేపు కూచుంది. నాకు ఆశ పుట్టింది. తీరా చూస్తే అట్ట మీద కాయ బొమ్మ ఉంది. మోసపోయింది, పాపం.


దువ్వాడ,
10-6-1980

పోతమ్మ గారికి,

అట్లాసు చూచితిని. సముద్రములకు పేర్లు వేరైనను నీరు అంతయు కలిసియే ఉన్నది. మీది, వారిది ఒకటే.

నాలుగవ పుస్తకమునకు చెదలు పట్టినందున బైండింగునకు ఇచ్చితిమి. బదులుగా ఒక నవల పంపుచున్నాను. జమీందారు కుమార్తె విషాదగాథ. ఆడవారు చదివి కన్నీరు కార్చుచున్నారని బైండరు కనకరత్నం చెప్పినాడు.

ఇట్లు,
కె. అచ్యుతరామయ్య.

తా.క.: భర్త పేరు గడిలో భర్తనే పెట్టుటకు నిబంధన అడ్డురాదు. చూచితిని.


పెదజాలారిపేట,
25-6-80

అచ్యుతరామయ్య బాబు గారికి, కోపంగా ఉన్నా దండం పెట్టకుండా ఉండలేని పోతమ్మ రాయునది.

మీ నవల మీకే పంపేస్తున్నాను. బాబూ, మీరు చేపలెప్పుడైనా కొన్నారా? మెరుస్తోంది కదా అని పైవైపు ఒకటే చూసి గంపలో వేయించుకునే వాళ్లుంటారు, నేను కాదనను, నా చేపలు అమ్ముడవుతాయి. తెలిసినవాళ్లు తిప్పి రెండో వైపు చూస్తారు. మొప్ప ఎత్తుతారు. ఎర్రగా ఉంటే తీసుకుంటారు.

మీ నవల మొప్ప ఎత్తాను. తెలుపు. ముప్పయ్యో పేజీలో ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టి అరవయ్యో పేజీ దాకా ఆపలేదు. మధ్యలో అన్నం ఎప్పుడు తిందో రాయలేదు. నిజంగా ఏడ్చినవాళ్లకి ఆకలేస్తుంది బాబూ. సిగ్గేస్తుంది, అయినా తింటారు. రాసినాయనకి ఆ సంగతి తెలీదు. మీరు పంపిన ఆ మూడింటిలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తింటూనే ఉన్నారు. అవి జరిగినవి.

చెదలు కొట్టినా పర్వాలేదు, మావాడు గుర్తు పెట్టిందే పంపండి. చిల్లులు నేను పూడ్చుకుంటాను, వల బాగుచేసే చెయ్యి.

ఎదురుచూస్తూ,
పోతమ్మ.

తా.క.: కాకి ఈ నవలని చూసి పక్కింటి గోడ మీదకి వెళ్లిపోయింది. దానికీ తెలిసింది.


దువ్వాడ,
3-9-1980

పోతమ్మ గారికి,

అమ్మా! ఇది ఏమి పని? జూలైలో నాలుగవది, అయిదవది బైండింగు చేయించి, పరుగున మీకు పంపినందుకు నాకు ఇదా ఫలితము?

నిన్న నాకు బస్సుల ఆఫీసునుండి నోటీసు వచ్చినది. ఆగస్టు 28వ తేదీన పూర్ణా మార్కెట్టు బస్సులో ఒక స్త్రీ చేపల గంపతో ముందు సీటులో కూర్చుని, ఎంత చెప్పినను లేవకుండినదట. "ఇలా కూకోమని నీకెవరు సెప్పారు?" అని కండక్టరు అడుగగా, "దువ్వాడ అచ్యుతరామయ్య బాబు పుత్తకం పంపారు" అని జవాబట. కావున నేను పదవ తేదీన హాజరై, ప్రయాణికులను రెచ్చగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వవలెనట!

అమ్మా, నాకు యాభై ఆరేళ్లు. జీవితములో ఎవరినీ దేనికీ రెచ్చగొట్టి ఎరుగను. మా ఇంట పిల్లిని కూడ నేను అదలించను. నా పేరు ఎందుకు చెప్పితిరి?

కలవరముతో,
అచ్యుతరామయ్య.

తా.క.: ఇంతకీ లేచారా?


పెదజాలారిపేట,
6-9-80

కలవరపడిన తమ్ముడికి. మీకు యాభై ఆరైతే నాకు యాభై ఎనిమిది, కాబట్టి ఇక బాబు అనను.

ముందు నాలుగో పుస్తకం గురించి. బానిసల్ని చాటుగా దాటించిన ఆవిడ. తను తప్పించుకున్నాక ఊరుకోక, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి, ఓ డెబ్బైమందిని తెచ్చిందట. ఒక్కరినీ పోగొట్టుకోలేదట. ఆ ఒక్క ముక్క నాకు చదవడం కష్టమైంది. అసూయపడ్డాను తమ్ముడూ, తప్పయితే రాసుకోండి.

అయిదోది బట్టలు కుట్టే ఆవిడ. బస్సులో తెల్లవాడి కోసం సీటులోంచి లెమ్మంటే లేవలేదు. అరెస్టు చేశారు. అప్పుడు ఊళ్లో నల్లవాళ్లందరూ ఏడాది పైన బస్సే ఎక్కకుండా నడిచారు. చదువుతుంటే నా మోకాళ్లు నాకు గుర్తొచ్చాయి. ముప్పయ్యేళ్లుగా మార్కెట్టు దాకా నడుస్తున్నాను. ఎక్కినరోజున, వాసనని మమ్మల్ని తలుపు దగ్గరే నిలబెడతారు.

ఆ రోజు ఖాళీ సీటుంది. కూచున్నాను. గంప ఒళ్లో పెట్టుకున్నాను, మూతేసి.

"లెగు, సేపల మనిసివి ముందెలా కూకుంటావ్?" అన్నాడు కండక్టరు.

"నడుం మీద కూకున్నాను. నువ్వెలా కూకుంటావ్?" అన్నాను.

బస్సంతా నవ్వింది. అతనికి కోపమొచ్చి బస్సాపించాడు. మావాళ్లు ఎనిమిదిమంది వెనక నిలబడి ఉన్నారు. వరహాలమ్మ వచ్చి నా పక్కన కూచుంది. నాగమణి ఆ వెనక సీట్లో కూచుంది. అరగంట అలాగే ఉన్నాం. ఆఫీసులకెళ్లేవాళ్లు గోలపెడితే కదిలింది. ఎవరు చెప్పారని అడిగితే మీ పేరు చెప్పాను. మంచిపని చేసినవాళ్ల పేరు దాచకూడదని చెప్పాను. తప్పేటి?

పదో తారీకున మేం తొమ్మిదిమందిమీ మీతో వస్తాం. మీరు మధ్యలో నిలబడండి, చాలు. మాట్లాడక్కర్లేదు.

ధైర్యంగా ఉండమని,
అప్ప పోతమ్మ.

తా.క.: లేవలేదు.


దువ్వాడ,
14-10-1980

పోతమ్మ అప్పకు,

ఆ దినము తొమ్మిది గంపల నడుమ నేను నిలబడిన తీరు చూచి బస్సుల ఆఫీసరు, "మాస్టారూ, మీరేనా వీళ్ల నాయకులు?" అన్నప్పుడు కాదని చెప్పవలెననియే నోరు తెరచితిని. అవునని వచ్చినది. ఎట్లు వచ్చినదో తెలియదు. గంపకు మూత ఉన్నచో మనిషి సీటులో కూర్చొనవచ్చునని ఆయన రాసి ఇచ్చిన కాగితమును అద్దము కట్టించి మందిరములో పెట్టితిని. ఇరవై ఏళ్లుగా ఆ నల్లజాతి చరిత్రల బీరువా తాళము నా వద్దనే ఎక్కడో పడియున్నది, తెరచి చదివినది లేదు. ఇప్పుడు నేనే వరుసగా చదువుచున్నాను.

ఇక చెప్పక తప్పని మాట. పైడయ్య గుర్తు పెట్టిన అయిదును పూర్తయినవి. సభ్యుడు కొత్త స్లిప్పు స్వయముగా రాసిననే తప్ప ఆయన పేరిట మరి పంపుటకు వీలు లేదు. ఎంత వెతికినను నిబంధన దొరకలేదు, ఈసారి నిజముగా వెతికితిని. ఆయన చేవ్రాత గనుక అసలు స్లిప్పు మీకే పంపుచున్నాను. మీ వద్ద ఉండవలసినది.

మీ తమ్ముడు,
అచ్యుతరామయ్య.

తా.క.: ఏడాది దినము నాటి కాకి విషయము వెంటనే తెలియజేయవలెను. అధ్యక్షులు కూడ అడుగుచున్నారు.


పెదజాలారిపేట,
12-11-80

తమ్ముడు అచ్యుతరామయ్యకి, అధ్యక్షుల వారికి, బైండరు కనకరత్నానికి కూడా వినిపించమని అప్ప రాసే ఉత్తరం.

నిన్న ఏడాది ఆకు వేశాం. వంజరం పులుసు, చుట్ట, మజ్జిగ పెట్టాను. పుస్తకాలు మీ దగ్గరున్నాయి కాబట్టి వాటి బదులు మావాడి స్లిప్పు పెట్టాను. అయిదు గుర్తులూ పైకి కనపడేలాగా, ఎగిరిపోకుండా గవ్వ బరువు పెట్టి. పేటంతా వచ్చి దూరంగా నిలబడింది.

కాకి గోడ మీద వాలింది. చూసింది. దిగలేదు. ఒక గంట. రెండు గంటలు. కోరినవన్నీ పెట్టాను, ఇంకేం మిగిలిందిరా అని ఆకులో ఒక్కొక్కటీ మళ్లీ లెక్కపెట్టాను. "ఒదిలీయే పోతా," అన్నాడు మా ఇంటాయన. నాకు మాత్రం నామీదే కోపమొచ్చింది. చేప అయితే చేతిలోకి రాగానే తిప్పేదాన్ని. కన్నకొడుకు కాగితాన్ని నెలరోజులుగా పైవైపే చూసి ఏడుస్తున్నాను. వెళ్లి గవ్వ తీసి, తిప్పాను.

తమ్ముడూ, మీ ఆఫీసులో కాగితాలు తిప్పి చూడరా?

వెనకవైపంతా వాడి రాతే. మనసులో చదువుకోవడం నాకు రాదు కదా, అక్కడే కూలబడి గట్టిగా చదివాను:

"కార్యదర్శి గారికి. ఈ అయిదూ నాకు కాదండి. నేను ఓడ స్నేహితుడి దగ్గర తీసుకుని ఇంగ్లీషులో చదివేశాను. ఇవి మా అమ్మకి. చదవమంటే 'నాకేటి సదువు' అని తప్పించుకుంటుంది. అందుకని నా పేరున పంపండి. నాకు తీరిక లేదు, నువ్వు చదివి నాకు చెప్పు అంటాను. నా పనంటే మాత్రం కాదనదు. ఒక సంగతి. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా పసుపు రాయందే ముట్టదు. చేపల చేత్తోనే పట్టుకుంటుంది. కోప్పడకండి. కుదిరితే అట్ట వేసి పంపండి. పైడయ్య."

ఒకసారి చదివాను. వేలు పెట్టి రెండోసారి చదివాను. మూడోసారి చదువుతుండగా మా ఇంటాయన, "ముట్టిందే! ముట్టిందే!" అని అరిచాడు. పేటంతా అరిచింది. వంజరం ముక్క తీసుకుని సముద్రం వైపుకి ఎగిరిందట.

నేను చూడలేదు తమ్ముడూ. చదువుతున్నాను.

ఫారం దీంతో పంపుతున్నాను. వేలిముద్ర ఆరింది. ఎంపిక స్లిప్పులో అదే బీరువాలోంచి ఇంకో అయిదు గుర్తు పెట్టాను. మొప్ప చూసి పంపండి.

మీ కొత్త సభ్యురాలు,
మైలపల్లి పోతమ్మ.

తా.క.: పైడయ్య కార్డు రద్దు చెయ్యకండి, ఇంకా ఆరేళ్లుంది. పుస్తకం పంపడానికి నిబంధన లేకపోతే ఉత్త పోస్టుకార్డు ముక్కయినా వాడి పేరున అప్పుడప్పుడు వెయ్యండి. మా పోస్టుమానుది మంచి గొంతు.

మరో తా.క.: నా స్లిప్పు వెనక కూడా రాశాను. తిప్పండి.